తొమ్మిది అద్దాల్లో తెల్లమచ్చ

హలో… ఆ, నేనే. బావని.

పనిలో ఉన్నావా?… ఉంటే ఉండు. చేతులు పని మీద పెట్టు, చెవి ఇటు పెట్టు. రెండు నిమిషాలే.

ఫొటోలు వచ్చాయి… ముప్పై రెండూ వచ్చాయి. కంప్యూటర్లో వేసి చూస్తున్నాను… బాగున్నాయని నేననలేదు. వచ్చాయన్నాను.

…

సరే, బాగున్నాయి. ఇరవై మూడు బాగున్నాయి. ఆ ఇరవై మూడింటిలో నీ పనితనానికి వంక పెట్టను. ఫ్రేముల మీద చెక్క గీతలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. మిగతా తొమ్మిది సంగతి చెప్పు.

ఏ తొమ్మిదంటే… అద్దం నడిమధ్యలో తెల్లమచ్చ ఉన్న తొమ్మిది.

అది ఫ్లాష్ అని నాకూ తెలుసురా. ముప్పై ఏళ్ళుగా అద్దాలమ్ముతున్నాను. మెరుపేదో మచ్చేదో తెలియదా? నేనడిగేది, ఫ్లాష్ ఎందుకు వేశావని.

…

మబ్బు పట్టిందా.

పోయిన వారం సోమవారమా… ఏ ఊళ్ళో?

ఒరేయ్, సోమవారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా నేను మేడ మీద ఫ్రేములకి పాలిష్ కొట్టి ఆరబెడుతున్నాను. ఎండకి నా మెడ కమిలిపోయింది. ఇంకా తోలు ఊడుతోంది. నువ్వేమో మబ్బంటావు. వచ్చి నా మెడ చూసి ఆ మాట చెప్పు.

…

ఆ. మబ్బు లేదు. మంచిది. రెండో కారణం చెప్పు.

లేదు, కోపంగా లేను. కోపం వస్తే నేను ఫోన్ చెయ్యను, నేరుగా వస్తాను. నీకు తెలుసుగా.

సాయంత్రం ఆరింటికి క్యాటలాగు ప్రింటరుకి ఇవ్వాలి. ఆ హోటల్ వాళ్ళు నూట ఇరవై గదులకి అద్దాలు ఏరుకునేది దాన్ని చూసే. మధ్యలో తెల్లమచ్చ కనపడితే ఏమనుకుంటారు? అద్దం వెనక పూత పోయిందనుకుంటారు. అద్దంలో ఏమీ కనపడకపోతే అది పలక. పలకలు నేనమ్మను.

…

అసలు ఫ్లాష్ వెయ్యమన్నది నేను. గుర్తుందా? ఫ్లాష్ అయితే ఒక్కరోజులో తెములుతుంది. కిటికీ వెలుగైతే మా కొట్లో రోజుకి రెండే గంటలు, అన్నీ తియ్యాలంటే నాలుగు రోజులు. నాలుగు రోజులూ కొట్టు మధ్యలో నీ కెమెరా మూడుకాళ్ళ కొయ్య. వచ్చినవాళ్ళు దాన్ని దాటుకుంటూ తిరగాలి. లెక్క చెప్పాను. నువ్వేమన్నావు?

…కాదు, నువ్వన్న మాటలే అను.

"బావా, ఫ్లాష్ ఎదురుగా ఉన్నదాన్నే చూపిస్తుంది, కిటికీ వెలుగు గదంతా తిరిగొచ్చి చూపిస్తుంది" అన్నావు. అరగంట అన్నావు. నా టీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టిస్తే అదీ చల్లారిపోయింది. చివరికి ఒప్పుకున్నాను.

నీ మాటలకి పడిపోయి కాదులే. నూట ఇరవై గదుల ముందు నాలుగు రోజులు పెద్ద నష్టం కాదని.

మరి అంత చెప్పినవాడివి, అదే చేత్తో తొమ్మిదింటికి ఫ్లాష్ ఎందుకు కొట్టావు?

…

వెలుతురు చాల్లేదా.

సరే, నిదానంగా చూద్దాం. నాకు తొందర లేదు, ఆరింటి దాకా ఉన్నాను. ఆ తొమ్మిదీ కుడి గోడవి. కొట్టు మొత్తం మీద వెలుతురు బాగా పడే గోడ అదే. వెనక గోడ మూలల్లో అద్దాలున్నాయి చూడు, పట్టపగలు టార్చి లేకుండా నేనే వెతుక్కోలేను, వాటిని మామూలు వెలుగులో తీశావు. ఒక్కోదానికి ఎంతసేపు ఊపిరి బిగబట్టి నిలబడ్డావో మా కొట్టు మేస్త్రి చెప్పాడు. వెలుగున్న గోడకొచ్చేసరికి ఫ్లాష్. ఎండలో గొడుగు మూసి నీడలో విప్పుకున్నట్టుంది నీ వరస.

…

నువ్వు అద్దంలో పడతావనా? పక్కకి జరిగితే పోతుందిగా. వెనక గోడ దగ్గర జరగలేదూ?

పక్కకి జరిగితే నువ్వు పోతావు. నీ బదులు ఇంకోటి పడుతుంది. అద్దానికి ఖాళీగా ఉండడం రాదు. అంతవరకు నాకూ తెలుసు. కుడి గోడ అద్దంలో నువ్వు పడకపోతే ఏం పడుతుంది? కుడి గోడకి ఎదురుగా ఏముంది?

…

కౌంటరు. మరి కౌంటర్లో ఎవరు?

…

మీ అక్క. అంతేగా. మీ అక్క ఫొటోలో పడితే కొంప మునిగిందా? క్యాటలాగులో మనిషి కనపడితే మంచిదే. కొట్టు నడుస్తోందని తెలుస్తుంది. పైగా మనిషిని పెట్టి తీస్తే నువ్వు డబ్బు ఎక్కువడుగుతావు, ఇక్కడ ఊరికే వచ్చేది.

…ఇప్పుడిక్కడ లేదు. మందుల షాపుకి వెళ్ళింది. జలుబుకి ముక్కులో వేసుకునే చుక్కలు అయిపోయాయట… వదల్లేదురా, నాలుగు నెలలైంది ఆ జలుబు పట్టుకుని. ఎందుకలా దగ్గుతున్నావు, నీకూ వచ్చిందా?

ఉండు.

…మేస్త్రీ, ఆ ముక్కలు దారిలో పెట్టకు, గోడవార పెట్టు… ఆ, అక్కడే.

చెప్పు. మేస్త్రితోలే, లోపలికి వెళ్ళాడు. పాపం, ఇవాళే ఆయనకి ఇక్కడ ఆఖరు రోజు.

…అవును, మా మేస్త్రే. అద్దాలు కోసే మేస్త్రి. ఎంతమంది మేస్త్రులున్నారు నాకు? సాయంత్రం ప్రింటరు దగ్గరికి వెళ్ళొచ్చాక చెబుతాను. పందొమ్మిదేళ్ళు చేశాడు, రావాల్సింది ఏమీ తగ్గించకుండా ఇచ్చి పంపిస్తాను. మర్యాదలో లోటు చెయ్యను.

మరేం చెయ్యమంటావు? నెలలో నాలుగుసార్లు కొలత తప్పి కోశాడు. ఆ సోమవారమే సెలూన్ వాళ్ళ అద్దాలు… ముప్పై ఎనిమిది అంగుళాలకి ముప్పై మూడు కోశాడు. ఆరు అద్దపు పలకలు. పెద్దది కోస్తే చిన్నది చేసుకుంటాం. చిన్నది కోస్తే ఏం చేస్తాం, నీళ్ళు పోసి పెంచుతామా?

కొలతల చీటీ చూపించమన్నాను. పోయిందన్నాడు. నాలుగుసార్లు తప్పు, నాలుగుసార్లూ చీటీ పోయింది. అడిగితే తల దించుకుని నిలబడతాడు. ఒక్క మాట ఎదురు చెప్పడు. తిడితే ఎదురు చెప్పేవాణ్ణి నమ్మొచ్చు, చెప్పనివాణ్ణి ఎలా నమ్మేది?

…

ఎందుకు ఆపాలి?

…రెండ్రోజులు ఆగితే ఏం మారుతుంది? ఆయన చెయ్యి బాగుపడుతుందా?

ఆగు. నువ్వెందుకు అంత కంగారు పడుతున్నావు? మేస్త్రి నాకు పనివాడు, నీకేమవుతాడు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు… మబ్బంటావు, వెలుతురంటావు, ఇప్పుడు మేస్త్రిని పంపొద్దంటావు. ఫొటోల సంగతి మాట్లాడుతుంటే నీ గొంతు ఇంత కీచుగా లేదు.

…

ఏమీ లేకపోతే మంచిదే. ఫొటోలే మాట్లాడుకుందాం. వెనక గోడవి ఒక్కోటీ చూస్తూ చెబుతాను, రాసుకో. ఇరవై నాలుగో నంబరు, బాగుంది. ఇరవై ఐదు, బాగుంది. ఇరవై ఆరు, ఫ్రేము మూల మీద దుమ్ముంది, అది నా తప్పు. ఇరవై ఏడు…

ఇదేంటి, ఉబ్బెత్తు అద్దమా? రోడ్ల మలుపుల్లో స్తంభాలకి బిగించేది. దీన్నీ తీశావా? హోటల్ వాళ్ళు దీన్నేం చేసుకుంటారు, పడకల మీద ట్రాఫిక్ చూసుకుంటారా?

…సరే, ఉండనీ. కింద కార్లు పెట్టుకునే చోటుకి పనికొస్తుంది. వెనక గోడ మీద పైన ఉండేదిగా. అందుకే మామూలు వెలుగులో తీశావు. కౌంటరుకి ఎదురుగా లేదు కదా అని.

ఉబ్బెత్తు అద్దానికి ఎదురూ పక్కా ఉండవు, బామ్మర్దీ. దాన్ని చేసిందే అందుకు. నువ్వెక్కడ నిలబడ్డా కొట్టు మొత్తం పడుతుంది. నీకు ఫొటోలు తెలుసు కానీ అద్దాలు తెలియవు.

ఉండు, పెద్దది చేసి చూస్తాను.

కిటికీ. బాగా వచ్చింది. కొయ్య వెనకాల నువ్వు, అగ్గిపుల్లలా ఉన్నావు. తిండి తినడం లేదా… మేస్త్రి బల్ల. మేస్త్రి అటు తిరిగి ఉన్నాడు. స్టూలు. కౌంటరు. మీ అక్క.

కూర్చుని ఏదో… సెలూన్ వాళ్ళ ఫ్రేము ముందుంది. టేపు పట్టుకుంది.

టేపు ఏంటి ఇలా…

ఇంకొంచెం పెద్దది చేస్తాను. ఉండు.

…

ముక్కుకి ఆనించుకుంది.

నవ్వడం లేదురా. టేపు ముక్కుకి ఆనించుకుని, గోటితో ఒక్కో గీత తడుముతోంది. కళ్ళజోడు పక్కన పెట్టేసింది. రోజూ కొలిచే టేపు. పన్నెండేళ్ళుగా అదే టేపు. ఆ అంకెలు చూడకుండా చెప్పగలదు.

…

నువ్వు లైన్లో ఉన్నావా?

ఉంటే సరే. మాట్లాడకు కాసేపు.

…

ముప్పై ఎనిమిది, ముప్పై మూడు. ఎనిమిదికి ఎడమవైపు చెరిపేస్తే మూడు. మసకలో రెండూ ఒకటే. కొలిచింది మీ అక్క. చీటీ రాసింది మీ అక్క. మేస్త్రి చీటీలో ఉన్నది కోశాడు. సరిగ్గానే కోశాడు.

మేస్త్రికి తెలుసా?

…ఎప్పటి నుంచి?

అందుకే చీటీలు పోయాయి. నేను అంతేసి మాటలంటుంటే ముక్కలు ఏరుకుంటూ నిలబడ్డాడు. నీకు తెలుసు. మేస్త్రికి తెలుసు. ఇంకెవరికి తెలుసు? సెలూన్ వాడికి తెలుసా?… ప్రింటరుకి? నాకు తప్ప ఊళ్ళో అందరికీ తెలిస్తే చెప్పు, ప్రింటరుని అడిగి ఆ ఒక్క ముక్కా క్యాటలాగు మీద వేయించుకుంటాను.

…

లేదు. అరవడం లేదు. గొంతే అంత.

అసలు సంగతి చెప్పు. ఈసారి మబ్బులూ అవీ వద్దు.

…

కంట్లో నీటికాసులా, గ్లాకోమా అంటారే, అదా? శుక్లం పొర కాదా? పొర అయితే తీసేస్తారు, మా పిన్నికి తీశారు, మర్నాడు టీవీ చూసింది… కాదా.

…

పక్కలు కనపడవా. మసక వెలుతుర్లో అసలు కనపడవా. మరి కౌంటర్లో ఎలా…

ఓహో.

పదకొండు నుంచి ఒంటిగంట.

ఒరేయ్, వచ్చిన ప్రతివాడికీ "పదకొండు తర్వాత రండి" అంటుంది. పొద్దున్నే వచ్చినవాళ్ళని తిప్పి పంపుతోందని మొన్న విసుక్కున్నాను కూడా. ఆ రెండు గంటల వెలుగులోనే టేపు కనపడుతుందా ఆవిడకి. కొలతలన్నీ ఆ వేళకే పోగేసుకుంటోందా.

నీకూ ఆ రెండు గంటలే కావాలి. ఇద్దరూ ఒకే కిటికీ మీద పడ్డారు.

…

ఆవిడ లేచి వెళ్ళిపోతే కొలతలు నేను తియ్యాల్సొస్తుంది, అప్పుడు సంగతి బయటపడుతుంది. కూర్చుంటే ముక్కు మీద టేపుతో సహా ఫొటోలో పడుతుంది. అందుకని "నేను కనపడే వాటికి ఫ్లాష్ కొట్టరా" అంది. నువ్వు కొట్టావు.

అక్క అడిగితే కాదనలేవు. అది నేను తప్పు పట్టను. నేనైనా అంతే.

కానీ ఒక్కటి చెప్పు. ఎదురుగా నిలబడి అద్దం మీదకి ఫ్లాష్ కొడితే ఆ వెలుగంతా ఎక్కడికి పోతుంది? నువ్వు చదువుకున్నావుగా… అద్దంలోకి పోయి అక్కడే కూర్చుంటుందా?

…

ఆ. ఎదురుగా ఉన్న మనిషి మొహం మీదకి. తొమ్మిదిసార్లు.

కళ్ళు బాగున్నవాళ్ళకే ఫ్లాష్ పడితే కాసేపు అన్నీ చుక్కలు కనపడతాయి. ఆవిడకి ఎంతసేపు?… పావుగంటా. తొమ్మిది పావుగంటలు వేసుకో. ఉన్నవే రెండు గంటలు. ఇక టేపు ఎప్పుడు చూసినట్టు? సెలూన్ ఫ్రేములు కొలిచింది సోమవారమే. ఆ ఆరు పలకలు కోసింది మేస్త్రి కాదు, మీ అక్క కాదు. నువ్వు కోశావు, నీ ఫ్లాష్ పెట్టి.

…

ఏడవకు. పనిలో ఉన్నావు, పక్కన ఎవరైనా చూస్తారు. పలకల గురించి కాదు నేను చెప్పేది. పలకలు పోతే పోనీ.

…

నేను మాత్రం ఏం చూశాను? రోజూ ఒకే ఇంట్లో ఉంటాను. నాలుగు నెలల నుంచి పొద్దున్నే పేపరు నాచేత చదివిస్తోంది. "మీరు చదివితే వినడానికి బాగుంటుంది" అంటే నిజమే అనుకున్నాను. గొంతు సవరించుకుని మరీ చదివాను. ధరవరలు కూడా చదివాను. ఎవరైనా మొగుడి గొంతులో ఉల్లిపాయల ధరలు వినాలనుకుంటారా? నాకు అనుమానమైనా రాలేదు.

టీ పోసేటప్పుడు కప్పులో వేలు పెడుతుంది. నేనేమన్నానో తెలుసా? "పాడు అలవాటు, మానెయ్యి" అన్నాను. మానెయ్యలేదు. అటు తిరిగి పోస్తోంది.

ఆ జలుబు చుక్కలు… కంట్లోవా?

అదే అనుకున్నాను ఇప్పుడే. నాలుగు నెలల జలుబు ఉండదుగా.

…

డాక్టరు ఏమన్నాడు? ఆయన అన్నమాటే చెప్పు, నీది కలపకు.

పోయింది రాదు. ఉన్నది నిలబెట్టుకోవాలి. అందుకు చిన్న ఆపరేషన్. ఆలస్యమైతే ఉన్నదీ పోతుంది.

ఇందులో తెలియనిదేముంది, ఏ వ్యాపారానికైనా అంతేగా. మరి చేయించుకోవడానికేం?

…రెండుసార్లు తారీకు ఇచ్చారా. రెండుసార్లూ వెళ్ళలేదా. ఎందుకు?

కొట్టు వదిలి ఎక్కడికంటే నాకేం చెప్పాలో తెలియకా? నేను అడగనే అడగనురా, మీ అక్క ఎక్కడికి వెళ్ళినా… సరే, అడుగుతాను. ఎప్పుడొస్తావని అడుగుతాను. అది వేరు.

ఇప్పుడు తారీకు ఎప్పుడు?… గురువారం. ఎల్లుండి. ఇది తప్పితే?… రెండు నెలలు ఖాళీ లేదా. రెండు నెలలకి ఎంత పోతుంది?… డాక్టరు చెప్పలేదా, నువ్వు అడగలేదా?… అడిగితే ఏమన్నాడు?

…

ఊఁ.

చాల్లే. అర్థమైంది.

ఒక్కటి అర్థం కాలేదు. నా దగ్గర ఎందుకు దాచింది? నేనేమైనా రాక్షసుణ్ణా? డబ్బు ఖర్చని ఏడుస్తానా? చెబితే నేనే భుజాన వేసుకుని తీసుకెళ్ళేవాణ్ణి.

…

ఎవరు? గుమాస్తానా?

పాత గుమాస్తా. కళ్ళకి కనపడక అంకెలు పైవి కిందా కిందవి పైనా రాస్తే పంపించేశాను. ఆరేళ్ళయింది. దానికీ దీనికీ…

ఏమన్నాను?

…

"చూపు లేనివాడికి అద్దాల కొట్లో ఏం పని" అన్నాను.

అన్నాను. గుర్తుంది. పెద్దగానే అన్నాను. ఎదురుగా ఆ ముసలి గుమాస్తా టీ తాగుతున్నాడు. ఆ టీ తెచ్చిచ్చింది మీ అక్కే. గ్లాసు కింద పెట్టి, తాళాలు కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ పనిలో పడ్డాను. పది నిమిషాల్లో మర్చిపోయాను.

ఆవిడ ఆరేళ్ళు గుర్తుపెట్టుకుంది.

…

నువ్వు ఓదార్చకు. లెక్క సరిగ్గానే వేసుకుంది. నా దగ్గర పన్నెండేళ్ళు కూర్చుని నేర్చుకుంది, తప్పెలా వేస్తుంది? కౌంటర్లోంచి లేపితే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. ఆ గోడలు కూడా కనపడవని తెలిశాక ఎవరు చెబుతారు? నేనైనా చెప్పను.

…

ఉండు. వస్తోంది.

వీధి చివర ఉంది. గోడ పక్కనే నడుస్తోంది, చెయ్యి ఆనించి. రోజూ చూస్తాను. నీడ కోసం అనుకునేవాణ్ణి.

…ఏం చెప్పాలో నాకేం తెలుసు. బేరమైతే చెబుతాను. నువ్వు పెట్టెయ్యకు, ఉండు. మాట్లాడకు, అంతే.

రా… నీ తమ్ముడే. ఫొటోల గురించి. దొరికాయా చుక్కలు?… మంచిది. అక్కడ మేస్త్రి ముక్కలు పెట్టాడు, కాలు… తెలుసులే, నీకు తెలుసు. కూర్చో.

లేదు, పోట్లాడుకోవడం లేదు. వాడే కాస్త కీచుగా మాట్లాడుతున్నాడు.

ఇదిగో, ఒక మాట. ఇరవై ఏడో నంబరు ఫొటోలో నువ్వున్నావు.

…వాటిలో కాదు, వాటికి ఫ్లాష్ కొట్టాడు. ఉబ్బెత్తు అద్దం. వెనక గోడది… ఆ. మొత్తం పడింది. కిటికీ, కౌంటరు, నువ్వు. టేపు కూడా.

…

…

ఎలా ఉన్నానంటే ఏం చెప్పను. బాగానే ఉన్నావు. ముక్కు మీద టేపుంది, అంతే.

…వాణ్ణి తిట్టకు. వాడు మబ్బన్నాడు, వెలుతురన్నాడు, చేతనైనన్ని చెప్పాడు. అబద్ధమాడ్డం రాదు వాడికి, అది మీ ఇంటి లోపం. అద్దంలో చూశాను. తర్వాతే చెప్పాడు.

కూర్చో, లేవకు. ఎందుకు లేస్తావు?

తాళాలెందుకు తీస్తున్నావు? అక్కడ పెట్టకు… వద్దు. బొడ్లోనే ఉంచు. నేనడిగానా తాళాలు?

…

ఆ గుమాస్తాని ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది.

…వినపడలేదా. అనకుండా ఉండాల్సింది అన్నాను… వినపడి కూడా మళ్ళీ అడుగుతున్నావు. సరే. తప్పు మాటన్నాను. ఇంకోసారి కావాలంటే రాత్రికి అంటాను, ఇక్కడ మేస్త్రి వింటున్నాడు.

గురువారం కొట్టు మూస్తున్నాం… మూసేది నేనే, నాకు తెలుసు ఏ వారమో… సెలూన్ వాళ్ళు శుక్రవారం వస్తారు. హోటల్ వాళ్ళు పారిపోరు. పారిపోతే ఇంకో హోటల్ కడతారు ఎవరో ఒకరు. ఆసుపత్రిలో సంతకం పెట్టడానికి మనిషి కావాలట, నేనొస్తాను. నీ తమ్ముడి సంతకం వాడికే అర్థం కాదు.

…ఎవరు లేపుతున్నారు నిన్ను కౌంటర్లోంచి? నువ్వు లేస్తే వచ్చినవాళ్ళతో ఎవరు మాట్లాడతారు? నేను మాట్లాడితే ఉన్నవాళ్ళు కూడా పోతారని నువ్వే అంటావుగా. టేపు నేను చదువుతాను, చీటీ నువ్వు రాయి. చీటీ నీకు చూడకుండా రాయడమొచ్చు.

…పేపరా? చదువుతాను, ఎందుకు మానేస్తాను. కానీ నిజం చెప్పు, గొంతు బాగుంటుందా, ఉండదా?

…

సరే. ధరవరలు వదిలేస్తాను.

మేస్త్రీ. ఇలా రా… ఏం లేదు, రా, నుంచున్నావెందుకు, స్టూలు లాక్కో. ఆ నాలుగు చీటీలు పారేశావా, దాచావా?… తీసుకురా… ఏం చేస్తానంటే ఏం చెప్పను. నీ చెయ్యి తప్పలేదని నాకు నేను చూసుకుంటాను. తర్వాత చింపేస్తాను. నిన్నన్న మాటలకి చీటీలు లేవు, వాటినెలా చింపాలో నువ్వు చెప్పు.

…

హలో… ఇంకా ఉన్నావా?… ఉండమంది నేనే కదూ. వింటూనే ఉన్నావా.

ఆరింటికి ప్రింటరుకి ఇవ్వను. ఒక్కరోజు ఆగమంటాను. తిడతాడు. తిట్టనీ, ఇవాళ నాకు తిట్లు బాకీ ఉన్నాయి.

రేపు పదకొండుకి రా. ఆ తొమ్మిదీ మళ్ళీ తియ్యి… కిటికీ వెలుగులోనే. పక్కకి జరిగి తియ్యి, నాకు నీ మొహం అక్కర్లేదు… అక్కడే కూర్చుంటుంది. పక్కన నేనూ ఉంటాను, టేపు పట్టుకుని… పడితే పడనీ. ఇద్దరం పడతాం.

జుట్టు దువ్వుకుంటానంటోంది. అయితే పదకొండుంబావుకి రా.

ఫ్లాష్ ఇంట్లో పెట్టి రా. మర్చిపోయి తెస్తే గుమ్మం బయటే ఉంచు.

పెట్టేస్తున్నాను. ఎవరో వచ్చారు, కొలత తియ్యాలి.